కొండను ఫొటోలో నిలబెట్టడం ఎలా

మే మొదటి వారంలో మా పిన్నిగారబ్బాయి కొత్త డ్రోన్ తీసుకుని కొండవీడు వెళ్లాడు. కాగితాలన్నీ సరిచూసుకునే వెళ్లాడు. పదకొండింటికి మొదలుపెట్టి మధ్యాహ్నం దాకా ఎగరేశాడు. సాయంత్రం లాప్‌టాప్‌లో ఫొటోలు చూపిస్తూ, "అన్నా, కొండ ఏమైపోయింది?" అని వాడే అడిగాడు. నిజంగానే కొండ లేదు. ఘాట్ రోడ్డు మెలికలున్నాయి, చెరువు నీళ్లున్నాయి, కోటగోడ గీతలా ఉంది. రెడ్డిరాజులు రాజధానిగా చేసుకున్న అంత కొండ మాత్రం నేల మీద పరిచిన చాపలా ఉంది.

వాడి చేతిలో తప్పేం లేదు, కెమెరాలోనూ లేదు. మన విజయవాడ, గుంటూరు పదహారున్నర డిగ్రీల ఉత్తర అక్షాంశానికి దగ్గర్లో ఉన్నాయి. అందువల్ల మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదట్లో మరోసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తి మీదికి వస్తాడు. నిలబడ్డ మనిషి నీడ కాళ్ల కిందికి పోతుంది, బండ నీడ బండ కిందికి పోతుంది. ఎండా పైనుంచే, డ్రోన్ చూపూ పైనుంచే. ఇక ఎత్తుపల్లాలు ఎలా తెలుస్తాయి? ఫొటోలో కొండను నిలబెట్టేది దాని నీడ. నేల మీద నిలబడి తీసినా, డ్రోన్‌తో తీసినా, ముందు ఆ నీడ ఎక్కడ పడుతుందో చూసుకోవాలి.

ముందు ఒకసారి కెమెరా లేకుండా వెళ్లండి

కొత్త కొండకు మొదటిసారి ఫోను, మంచినీళ్లు, గట్టి బూట్లు తీసుకెళ్తే చాలు. విజయవాడ వాళ్లయితే కొండపల్లితో మొదలుపెట్టమంటాను. ఊరికి దగ్గర, కోట దాకా ఘాట్ రోడ్డు ఉంది, చుట్టూ అడవి, రాళ్లు రకరకాలుగా ఉంటాయి. గుంటూరు వాళ్లకు కొండవీడు ఉండనే ఉంది. రెండూ ఒకే రోజు చుట్టేద్దామనుకోకండి. ఒక కొండకు నాలుగుసార్లు వెళ్తే వచ్చే ఫొటో నాలుగు కొండలు ఒక్కసారి తిరిగితే రాదు.

ఈ మొదటి నడకలో చూడాల్సినవి ఇవి. ఏ చరియ తూర్పుకు ఉంది, ఏది ఉత్తరానికి ఉంది? ఫోనులో దిక్సూచి తెరిచి చరియకు ఎదురుగా నిలబడి రాసుకోండి. కరెంటు తీగలు ఎక్కడెక్కడ వెళ్తున్నాయి? డ్రోన్ తెర మీద తీగ కనిపించదు, స్తంభం కనిపిస్తుంది. అందుకే తీగలను నేల మీద ఉన్నప్పుడే చూసిపెట్టుకోవాలి. గేటు ఎన్నింటికి తీస్తారు, ఎన్నింటికి మూస్తారు? కోటలోకి రానిచ్చే వేళ సూర్యోదయం తర్వాతైతే పైన నిలబడి తొలి వెలుగు పట్టడం కుదరదు. అప్పుడు కిందినుంచి కొండ మీద పడే వెలుగు తీయాలి. ఈ సంగతి ఇంటి దగ్గర తెలిస్తే నాలుగింటికి లేచి వెళ్లి గేటు ముందు కూర్చునే బాధ తప్పుతుంది.

మేకల కాపరులు కనిపిస్తే తప్పకుండా మాట్లాడండి. "బాబాయ్, ఆ వెనక పక్కకి దోవ ఉందా?" అని అడిగితే మ్యాప్‌లో లేని దారి చెబుతారు. ఏ బండ కదులుతుందో, ఎక్కడ తేనెతుట్టె ఉందో కూడా వాళ్లకు తెలుసు. తేనెతుట్టె మాట తేలిగ్గా తీసుకోకండి. కొండచరియలకు పట్టే పెద్ద తేనెటీగల దగ్గరికి డ్రోన్ తీసుకెళ్లడం చాలా ప్రమాదం. అవి లేస్తే దెబ్బ మీకు మాత్రమే కాదు, దారిన పోయేవాళ్లకూ తగులుతుంది.

ఎండ ఏ పక్కనుంచి వస్తుందో లెక్క వేసుకోండి

సూర్యుడు తూర్పున ఉదయిస్తాడని చదువుకున్నాం గానీ సరిగ్గా తూర్పున ఉదయించేది ఏడాదిలో రెండు రోజులే. మన దగ్గర జూన్ చివర్లో తూర్పుకు సుమారు 24 డిగ్రీలు ఉత్తరంగా, డిసెంబరు చివర్లో అంతే దక్షిణంగా ఉదయిస్తాడు. సమయం కూడా మారుతుంది. జూన్‌లో ఐదున్నర దాటగానే వెలుగు వస్తే, డిసెంబరులో ఆరున్నర అవుతుంది.

దీనివల్ల పనికొచ్చే సంగతి ఒకటుంది. ఉత్తరానికి ముఖం పెట్టిన చరియ మీద పొద్దుటి ఎండ ఏటవాలుగా పడేది ముఖ్యంగా మే నుంచి జూలై దాకా. చలికాలంలో అదే చరియ పొద్దంతా నీడలో ఉంటుంది. దక్షిణపు చరియ సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. "పోయినసారి ఇక్కడ ఎంత బాగా వచ్చింది, ఈసారి ఎందుకు చప్పగా ఉంది?" అనిపిస్తే నెల చూడండి, జవాబు అక్కడే దొరుకుతుంది. సూర్యుడు ఏ రోజు ఏ దిక్కున ఉంటాడో మ్యాప్ మీద గీసి చూపించే యాప్‌లు ఉన్నాయి, ఒకటి ఫోనులో పెట్టుకోండి.

మన చుట్టుపక్కల కొండలు తూర్పు కనుమల పాత రాళ్లు. బెజవాడ కొండల్లో ఎక్కువగా కనిపించే ఖొండలైట్ రాయి ఎండకూ వానకూ నానుతూ ఎర్రమట్టి రంగుకు తిరుగుతుంది. కొండపల్లి వైపు చార్నొకైట్ కూడా ఉంది, అది నల్లగా, గట్టిగా ఉంటుంది. ఎర్రరాయి మీద తొలి ఎండ పడితే కుంకుమ చల్లినట్టు వెలుగుతుంది, అది పావుగంట కూడా నిలవదు. నల్లరాయికి ఆ తొందర లేదు. ఎండ కొంచెం పైకి లేచాక, ఏడు, ఏడున్నర మధ్య, పక్కనుంచి పడే వెలుగులో దాని పగుళ్లూ అంచులూ బాగా తేలతాయి. అందుకని ముందు ఎర్ర చరియ తీసి, తర్వాత నల్లబండల వైపు వెళ్లడం నాకు అలవాటు.

ఇక ఏ నెల మంచిది? నన్నడిగితే అక్టోబరు. రెండు రోజులు వాన పడి తెరిపి ఇచ్చిన మర్నాడు పొద్దున గాలిలో దుమ్ము ఉండదు, దూరపు కొండ కూడా అంచు తెగినట్టు కనిపిస్తుంది. డిసెంబరు, జనవరిల్లో కృష్ణ మీద పొగమంచు వస్తుంది, అది వేరే అందం. ఫిబ్రవరి నుంచి ఆకు రాలి కొండ ఎముకలు బయటపడతాయి, కానీ గాలి మసకగా ఉంటుంది. కాబట్టి అప్పుడు దూరపు దృశ్యాలు మానేసి దగ్గరి బండలు తీయండి. మే నెలలో బండల మధ్య తిరగడం ఆరోగ్యానికే మంచిది కాదు.

వానాకాలం గురించి ఒక మాట గట్టిగా చెప్పాలి. వాన పడుతున్నప్పుడూ, పడి ఆగిన మర్నాడూ నిటారు చరియ కింద నిలబడొద్దు. 2024 ఆగస్టు చివర్లో వానలకు విజయవాడ మొగల్రాజపురంలో కొండచరియలు విరిగిపడి మనుషులు చనిపోయారు. కాళ్ల కింద గట్టిగా అనిపించే కొండ కూడా లోపల నీళ్లు తాగి ఉంటుంది. దూరంగా నిలబడి జూమ్ లెన్స్ వాడండి.

నేల మీద నుంచి తీసేటప్పుడు

ట్రైపాడ్ ఉంటే తప్పకుండా తీసుకెళ్లండి. తెల్లవారే వెలుగు తక్కువ, షట్టర్ నెమ్మదిగా తెరవాలి, చేతిలో కెమెరా కదులుతుంది. ట్రైపాడ్ కాళ్లు బండ మీద జారకుండా ఒక కాలును కొండ దిగువ వైపు పెట్టండి. గాలి ఉంటే బ్యాగును మధ్య కడ్డీకి వేలాడదీయండి, నేలకు తగిలీ తగలనట్టు.

సెట్టింగులు పెద్ద చిక్కేం కాదు. ఐఎస్‌వో (వెలుగును పట్టే సున్నితత్వం) 100, ఎపర్చర్ (లెన్స్‌లో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్8 నుంచి ఎఫ్11 మధ్య, షట్టర్ దానికి తగ్గట్టు. ఎఫ్16 దాటి మూసేస్తే మొత్తం షార్ప్‌గా వస్తుందనుకుంటారు. నిజానికి అక్కడినుంచి ఫొటో కొద్దికొద్దిగా మెత్తబడుతుంది. ఫోకస్ ఎక్కడ పెట్టాలన్నదే కొత్తవాళ్లను తికమక పెడుతుంది. ఫుల్‌ఫ్రేమ్ కెమెరాలో 24 మిల్లీమీటర్ల లెన్స్, ఎఫ్11 అనుకోండి. సుమారు రెండు మీటర్ల దూరంలో ఉన్న రాయి మీద ఫోకస్ పెడితే ఒక మీటరు దగ్గరి నుంచి దూరపు కొండ దాకా అంతా స్పష్టంగా వస్తుంది. దూరపు శిఖరం మీద ఫోకస్ పెట్టేస్తే కాళ్ల దగ్గర బండ మసకబారుతుంది. ఒకసారి ఫోకస్ కుదిరాక ఆటోఫోకస్ తీసేయండి, లేకపోతే ప్రతి క్లిక్కుకీ మళ్లీ వెతుక్కుంటుంది.

ఆకాశం వెలుగు, కొండ చీకటి. రెండూ ఒకే ఫొటోలో పట్టడం కష్టం. వెలుగునీడల లెక్క చూపే హిస్టోగ్రామ్ గ్రాఫ్ తెరిచి అది కుడి అంచుకు కొట్టుకోకుండా చూసుకోండి, అంటే ఆకాశం తెల్లగా కాలిపోకుండా. తర్వాత ఒక స్టాప్ తక్కువ (సగం వెలుగు), ఒక స్టాప్ ఎక్కువ (రెట్టింపు వెలుగు) పెట్టి మూడు ఫొటోలు తీయండి, ఇంటికెళ్లాక కలపొచ్చు. కెమెరా పట్టిన వివరాలన్నీ ఉంచే రా ఫైల్‌లో తీస్తే చాలాసార్లు ఒక్కటే సరిపోతుంది. తడి బండల మీద మెరుపు, ఆకుల మీద తెల్లటి జిగి పోవాలంటే పోలరైజర్ ఫిల్టర్ వాడండి. సూర్యుడు మీకు ఎడమకో కుడికో ఉన్నప్పుడే అది బాగా పనిచేస్తుంది. వైడ్ లెన్స్‌కు పెడితే మాత్రం ఆకాశం ఒకవైపు ముదురుగా, ఇంకోవైపు లేతగా వస్తుంది. ఆకాశం ఎక్కువగా ఉన్న ఫ్రేములో దాన్ని తీసేయండి.

కొండ ఎంత పెద్దదో ఫొటో చూసేవాళ్లకు తెలియదు. పక్కన కొలత ఉండాలి. కోటగోడ, చెట్టు, మేకల మంద, మెట్లెక్కే మనిషి, ఏదో ఒకటి. మనిషిని చిన్నగా ఉంచండి. ముఖం కనిపించేంత దగ్గరైతే అది కొండ ఫొటో కాదు, ఆ మనిషి ఫొటో అవుతుంది.

వైడ్ లెన్స్ మోజులో చాలామంది జూమ్ లెన్స్‌ను ఇంట్లో వదిలేస్తారు. మన కొండలకు 70 నుంచి 200 మిల్లీమీటర్ల లెన్స్ ఎక్కువ మేలు చేస్తుందని నా నమ్మకం. హిమాలయాల్లా మీదికి వచ్చి పడే కొండలు కావు మనవి. వైడ్ లెన్స్‌లో చిన్నబోతాయి. సాయంత్రం బెజవాడ వైపు కృష్ణ ఒడ్డున నిలబడి బ్యారేజీకి ఎగువ వైపు జూమ్ లెన్స్‌తో చూడండి. పొద్దు అటే కుంకుతుంది. భవానీ ద్వీపం, దాని వెనక కొండలు ఒకదాని వెనక ఒకటి, దూరం పోయేకొద్దీ పలచబడుతూ కనిపిస్తాయి. అక్కడ నీడ బండ మీద కాదు, కొండకూ కొండకూ మధ్య ఉంటుంది.

ఫోను మాత్రమే ఉంటే దిగులు పడకండి. మెయిన్ కెమెరానే వాడండి, అల్ట్రావైడ్ అంచులు సాగదీస్తుంది. ఆకాశం మీద వేలు నొక్కి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి కొంచెం తగ్గించండి. విశాలమైన దృశ్యానికి ఫోను నిలువుగా పట్టుకుని, ప్రతి ఫొటోలో ముందుదాని మూడో వంతు కలిసేలా ఐదారు తీసి అతికించండి.

డ్రోన్ బ్యాగులోంచి తీసేముందు

కేంద్రం తెచ్చిన డ్రోన్ రూల్స్ 2021 ప్రకారం 250 గ్రాముల దాకా బరువున్నది నానో, అక్కడినుంచి 2 కిలోల దాకా మైక్రో. నానోకూ, డబ్బుల పని కాకుండా సొంతానికి ఎగరేసే మైక్రోకూ రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. రిసార్టు ప్రకటనకో, పెళ్లి షూటింగుకో మైక్రో వాడితే కావాలి. రిజిస్ట్రేషన్ చేయించి యూఐఎన్, అంటే ఆ డ్రోన్ గుర్తింపు నంబరు, తీసుకోండి. విదేశీ డ్రోన్ల దిగుమతిని 2022 ఫిబ్రవరిలో ఆపేశారు కాబట్టి కొనేముందు బిల్లు, సర్వీసు ఎక్కడ, విడిభాగాలు దొరుకుతాయా అని అడగండి.

తర్వాత డ్రోన్ ఎక్కడ ఎగరేయొచ్చో చూపించే ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్ చూడండి. గ్రీన్ జోన్‌లో 120 మీటర్ల ఎత్తు దాకా అనుమతి అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 నుంచి 12 కిలోమీటర్ల మధ్య ఆ పరిమితి 60 మీటర్లు. రెడ్ జోన్‌లో కేంద్రం అనుమతి లేకుండా ఎగరేయకూడదు. గన్నవరం విమానాశ్రయం నుంచి కొండపల్లి చాలా దూరం, ఆ చిక్కు లేదు. కానీ పక్కనే ఇబ్రహీంపట్నంలో థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది, అటువైపు డ్రోన్ తిప్పనే వద్దు. బ్యారేజీ, వెలగపూడి సచివాలయం, ఇంద్రకీలాద్రి మీద గుడి, ఇవి కూడా అలాంటివే. పెద్దవాళ్ల పర్యటనలప్పుడు 96 గంటల దాకా తాత్కాలిక రెడ్ జోన్ పెట్టే అధికారం ఉంది కాబట్టి మ్యాప్‌ను ఇంటి దగ్గర ఒకసారి, ఎగరేసే ముందు ఒకసారి చూడాలి.

మ్యాప్ పచ్చగా ఉన్నంత మాత్రాన పని అయిపోలేదు. అది ఆకాశం సంగతి మాత్రమే చెబుతుంది. కొండపల్లి రిజర్వ్ ఫారెస్టులో అటవీ శాఖను అడగాలి. కోటల దగ్గర, ఉండవల్లి గుహల దగ్గర పురావస్తు శాఖ వాళ్లను అడగాలి. మాచర్ల దాటి నాగార్జునసాగర్ వైపు వెళ్తే టైగర్ రిజర్వ్, అక్కడ డ్రోన్ ఆలోచన మానేసి నేల మీద కెమెరాతోనే తృప్తి పడండి. నాకు బాగా పనికొచ్చిన దారి ఇంకొకటి ఉంది. కొండ కింద తెలిసిన రైతు పొలంలోంచి, అడవి హద్దుకు బయట ఎగరేసి కొండను ఎదురుగా తీయడం. కొండవీడు వైపు ఫిబ్రవరి, మార్చిల్లో మిరప కళ్లాలు ఉంటే ఎర్రటి కళ్లం ముందు, బూడిదరంగు కొండ వెనక. ఆ దృశ్యం మరెక్కడ దొరుకుతుంది? రైతును అడిగి, కళ్లానికి దూరంగా, గాలి తగలకుండా ఎగరేయండి. ఆరబోసిన మిరపకాయల మీద దుమ్ము లేపితే అది ఆయన పంటకు నష్టం.

కొండ దగ్గర ఎగరేయడం మైదానంలో లాంటిది కాదు

మూడేళ్ల కిందట నేను అలా పొలంలోంచే ఎగరేశాను. రిటర్న్ టు హోమ్ ఎత్తు, అంటే సిగ్నల్ పోతే డ్రోన్ తనంతట తాను వెనక్కి వచ్చే ఎత్తు, 50 మీటర్ల దగ్గరే ఉంది, మార్చడం మర్చిపోయాను. మంచి వెలుగు వచ్చిందని కొండకొమ్ము చుట్టూ తిప్పి అవతలి పక్కకు పోనిచ్చాను. ఒక్క క్షణంలో తెర నల్లబడింది. మధ్యలో రాయి అడ్డం, సిగ్నల్ పోయింది. డ్రోన్ తనంతట తాను 50 మీటర్లకు లేచి ఇంటి దారి పట్టింది, కొమ్ము అంతకంటే ఎత్తు. బండ ముందు ఆగిపోయి, బ్యాటరీ అయ్యేదాకా అక్కడే తేలి, ముళ్లపొదల్లో దిగింది. వెతకడానికి ముగ్గురికి నాలుగు గంటలు పట్టింది. కంటికి కనిపించకుండా పోనివ్వడం మొదటి తప్పు, ఎత్తు చూసుకోకపోవడం రెండోది. రెండూ నావే.

అందుకే ఇవి ప్రతిసారీ చేయండి. తెర మీద కనిపించే ఎత్తు మీరు లేచిన చోటి నుంచి లెక్క, డ్రోన్ కింద ఉన్న నేల నుంచి కాదు. కొండపాదం నుంచి లేస్తే 80 మీటర్లు అని చూపిస్తున్నప్పుడు కింద బండ 10 మీటర్ల దూరంలోనే ఉండొచ్చు. రిటర్న్ ఎత్తును మీకూ డ్రోన్‌కూ మధ్య వచ్చే ఎత్తైన చెట్టు, బండ కంటే కనీసం 20, 30 మీటర్లు ఎక్కువ పెట్టండి. అంత ఎత్తు అనుమతించిన పరిమితి దాటుతుందనుకుంటే ఆ కొండకు అడ్డంగా వెళ్లకండి, చోటు మార్చండి. జీపీఎస్ కుదిరి హోమ్ పాయింట్ (డ్రోన్ తిరిగి రావాల్సిన చోటు) నమోదయ్యాకే లేపండి. కారు టాప్ మీద నుంచి, ఇనుప రెయిలింగ్ పక్కనుంచి లేపితే దిక్సూచి తడబడుతుంది. రాయిలో ఇనుము పాలు ఎక్కువున్నా అంతే. బండ మీద పెడితే హెచ్చరిక వచ్చి, నాలుగడుగులు మట్టి మీదికి జరిగితే పోవడం నేను చాలాసార్లు చూశాను.

గాలి మీకు తగిలినట్టు పైన ఉండదు. గాలి వచ్చే వైపు చరియ దగ్గర డ్రోన్ పైకి ఎగదోయబడుతుంది, కొమ్ము దాటి అవతలికి వెళ్తే కిందికి నొక్కేసే సుడులుంటాయి. అవతలి వైపు చరియకు దగ్గరగా వెళ్లొద్దు. వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనకగాలి ఉండేలా చూసుకోండి. సగం బ్యాటరీ ఉండగానే వెనక్కి తిప్పండి.

తొమ్మిది దాటితే బండలు వేడెక్కి గాలి పైకి లేస్తుంది. దాని మీద గద్దలు రెక్క కదపకుండా తిరగడం మొదలుపెడతాయి. గద్ద డ్రోన్ మీదికి వస్తే కిందికి పారిపోకండి, అది పైనుంచి దూకే పక్షి. నిటారుగా పైకి లేపి, అది వదిలాక నెమ్మదిగా దించండి. గూడు కట్టే కాలంలో ఆ చరియ జోలికే వెళ్లకండి. గద్దలు లేచేసరికి నేను డ్రోన్ బ్యాగులో పెట్టేస్తాను. ఆ వేళకు మంచి వెలుగు కూడా అయిపోతుంది కాబట్టి పోగొట్టుకునేదేం లేదు.

వేసవిలో బ్యాటరీలను కారులో వదలొద్దు. ఎగిరి దిగిన బ్యాటరీ వేడిగా ఉండగా చార్జింగ్ పెట్టొద్దు.

ఎంత ఎత్తు?

నూట ఇరవై మీటర్లు అనుమతి ఉందని అందరూ అక్కడికే వెళ్తారు. మా వాడు చేసిందీ అదే. ఎత్తు పెరిగేకొద్దీ కొండ చదునవుతుంది. నాకు నచ్చిన ఫొటోల్లో ఎక్కువ భాగం 20 నుంచి 40 మీటర్ల మధ్య తీసినవే. కొమ్ము అంచుకు కొంచెం పైన నిలిపి, కెమెరాను 15, 20 డిగ్రీలు మాత్రమే కిందికి వంచి, ఎండ పక్కనుంచి వచ్చేలా తిప్పి చూడండి. ముందు బండ, మధ్యలో లోయ, వెనక పొలాలు, మూడూ విడివిడిగా నిలబడతాయి. పూర్తిగా కిందికి చూసే ఫొటో కావాలంటే సూర్యుడు బాగా వాలి ఉన్నప్పుడు తీయండి. కోట బురుజు నీడ బురుజు కంటే పొడుగ్గా పడినప్పుడు పైనుంచి చూసినా దాని ఎత్తు తెలుస్తుంది.

ఫొటోకు డ్రోన్‌ను పూర్తిగా ఆపి, రెండు క్షణాలు ఆగి నొక్కండి. ఇక్కడ కూడా రా ఫైల్, ఐఎస్‌వో 100, మూడు ఎక్స్‌పోజర్లు. వీడియోకైతే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ సెకనులో 50వ వంతు. పగటి వెలుగులో అది కుదరాలంటే వెలుగును తగ్గించే ఎన్‌డీ ఫిల్టర్ కావాలి. ఒక కదలిక మొదలుపెడితే పది సెకన్లు ఒకే వేగంతో సాగనివ్వండి. ముందుకు వెళ్తూ, తిరుగుతూ, కెమెరా వంచుతూ అన్నీ ఒకేసారి చేస్తే చూసేవాళ్లకు తల తిరుగుతుంది.

మా వాణ్ణి మళ్లీ అక్టోబరులో తీసుకెళ్లాను. ఆరింటికల్లా పొలంలో ఉన్నాం. 30 మీటర్లు దాటనివ్వలేదు. మొదటి ఫొటో తెర మీద చూసి, "కొండ వచ్చింది అన్నా" అన్నాడు.

ఇంటికొచ్చాక

ఎడిటింగ్‌లో నీడలను పూర్తిగా లేపేయకండి, అంత పొద్దున్నే లేచి పట్టింది వాటినే. మసక పోగొట్టే డీహేజ్ స్లైడర్ కొంచెం చాలు. ఎక్కువైతే ఆకాశం మురికిగా, రాయి ప్లాస్టిక్‌లా అవుతుంది. దూరపు కొండల నీలిమసకను ఉండనివ్వండి, దూరం తెలిసేది దానివల్లే. గద్ద గూడో, అడవి జంతువులు తిరిగే చోటో ఫొటోలో ఉంటే ఎక్కడ తీశారో చెప్పే లొకేషన్ వివరం తీసేసి పంచుకోండి. కార్డులోవి లాప్‌టాప్‌లోకి, ఇంకో హార్డ్‌డిస్కులోకి కాపీ అయ్యాక, రెండూ తెరిచి చూసి, అప్పుడు కార్డు ఫార్మాట్ చేయండి.